గూడు లేనివారికి కంటి వైద్యం అందించడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల సేవకులకు సమగ్ర మార్గదర్శి

బస్టాండు అరుగుల మీద, రైల్వే స్టేషన్ బయట, గుళ్ళ ముందు, దర్గాల పక్కన రాత్రిళ్ళు గడిపేవారిలో చూపు మందగించినవారు ఎందరో ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివారుగా నమోదైనవారే సుమారు 17.7 లక్షల మంది. 2015–19 మధ్య జరిగిన జాతీయ అంధత్వ సర్వే ప్రకారం, యాభై ఏళ్ళు దాటినవారి అంధత్వంలో దాదాపు 66 శాతానికి కారణం శుక్లం. శుక్లమంటే కంటిలోని కటకం మసకబారడం; ఇరవై నిమిషాల ఆపరేషన్‌తో తొలగిపోతుంది. ఆ ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే జరుగుతుంది. అయినా వీధిలో బతికే మనిషికి ఆ చూపు తిరిగి దక్కడం అరుదు. ఆపరేషన్ తరువాత నెలకు పైగా రోజూ పలుమార్లు కంట్లో చుక్కలు వేసేదెవరు, మొదటి వారం దుమ్ము పడని చోట తల వాల్చుకునేదెక్కడ అన్న రెండు ప్రశ్నలకు ఎవరి దగ్గరా జవాబు లేకపోవడమే దీనికి అసలు కారణమని నా అభిప్రాయం. అందువల్ల ఈ పనిని చివరి నుంచి మొదటికి ఆలోచించుకుంటూ రావాలి. ముందు పడక, తరువాత చుక్కలు వేసే మనిషి, ఆ తరువాతే ఆపరేషన్ తేదీ. యువజన సంఘాలు, గుడి కమిటీలు, మసీదు కమిటీలు, వార్డు సచివాలయ సిబ్బంది, నర్సింగ్ విద్యార్థులు ఎవరైనా ఈ పద్ధతిని అనుసరించవచ్చు.

ఎక్కడ, ఏ వేళలో కలవాలి

నెల్లూరులో రైల్వే స్టేషన్, ఆర్టీసీ బస్టాండు, ఆత్మకూరు బస్టాండు, పెన్న ఒడ్డున రంగనాయకస్వామి గుడి పరిసరాలు, స్వర్ణాల చెరువు దగ్గరి బారాషహీద్ దర్గా ముఖ్యమైన చోట్లు. ఒంగోలులో స్టేషన్, బస్టాండ్ల చుట్టుపక్కల వెతకాలి. ఊరి బయట గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమం, కసుమూరు దర్గా, మనసు బాగాలేనివారిని తెచ్చి నిద్ర చేయించే ఆనవాయితీ ఉన్న జొన్నవాడ కామాక్షమ్మ గుడి కూడా మీ జాబితాలో ఉండాలి. కందుకూరు వైపున్న మాలకొండ గుడిని శనివారం మాత్రమే తెరుస్తారు కాబట్టి, బిచ్చమెత్తుకుని బతికేవారిని అక్కడ కలవాలంటే ఆ రోజే వెళ్ళాలి. చీమకుర్తి గ్రానైటు క్వారీల పక్కన, ఇటుక బట్టీల దగ్గర పట్టాలు కప్పుకుని బతికే వలస కూలీలకు కూడా ఊళ్ళో ఇల్లు లేదు. రాతి పెచ్చులు కంట్లో గుచ్చుకునే ప్రమాదం వారికి ప్రతిరోజూ ఉంటుంది.

రాత్రివేళ టార్చిలైటు వేసి నిద్రలేపడం తగదు. తెల్లవారుజామున వారు చెల్లాచెదురు కాకముందు గాని, మధ్యాహ్నం భోజనాల వేళ గాని వెళ్ళాలి. 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచిన అన్న క్యాంటీన్ల దగ్గర అయిదు రూపాయల భోజనం కోసం వరుసలో నిలబడేవారిలో మీకు కావలసినవారు చాలామంది కనిపిస్తారు. అక్కడ పగటి వెలుతురు ఉంటుంది, మనిషి ఆకలి తీరి నెమ్మదిగా ఉంటాడు, మరునాడు అదే వేళకు అక్కడే దొరుకుతాడు.

మాట కలపడం

‘తాతా’, ‘అవ్వా’, ‘అన్నా’ అని వరుస కలిపి, ‘మీరు’ అనే మాట్లాడాలి. ఫోటోలు తీయకూడదు. ‘కళ్ళు బాగా కనిపిస్తున్నాయా?’ అని అడిగితే ‘వయసైంది గదా నాయనా, ఇంతే’ అన్న జవాబు వస్తుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. దానికి బదులు ‘నోట్లు ఎట్లా గుర్తుపడుతున్నారు తాతా?’, ‘పొద్దుగూకినాక రోడ్డు దాటడానికి భయమవుతోందా అవ్వా?’, ‘ఎదురుగా వచ్చే బండి లైటు కంట్లో చెదిరినట్టు ఉంటోందా?’ అని అడగండి. అప్పుడు సంగతులు బయటికి వస్తాయి. చిల్లరలో మోసపోయిన సంగతి, బస్సు బోర్డు చదవలేక వేరే ఊరికి వెళ్ళిపోయిన సంగతి చాలామంది ఇలా అడిగినప్పుడే చెబుతారు. మనసు స్థిమితంగా లేనివారి దగ్గరకు ప్రతిసారీ ఒకే మనిషి వెళ్ళడం మంచిది. పరీక్షకు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం వారి ఇష్టం. ఈ వారం వద్దన్నవారు వచ్చే వారం తామే పిలవవచ్చు.

చేతిసంచిలో పట్టే సామానుతో కంటి పరీక్ష

చదువు రానివారి కోసం తయారైన ఇంగ్లీషు ‘E’ అక్షరం కార్డు, ఆరు మీటర్ల తాడు, చిన్న టార్చి, సూదితో సన్నని రంధ్రం చేసిన నల్లటి అట్టముక్క, కొన్ని దగ్గరి చూపు కళ్ళద్దాలు ఉంటే సరిపోతుంది. తాడుకు సగంలో, అంటే మూడు మీటర్ల దగ్గర, ముడి వేసి ఉంచుకోవాలి.

ఒక్కొక్క కంటిని విడిగా చూడాలి. రెండో కంటిని అరచేతితో, గుడ్డు మీద ఒత్తిడి పడకుండా, మూయమనాలి. ఒక కన్ను పూర్తిగా పోయినా రెండో కన్నుతో నెట్టుకొస్తూ ఆ సంగతి తమకే తెలియనివారు ఉంటారు కనుక ఈ నియమాన్ని ఎంత తొందరలోనూ సడలించకూడదు. ఆరు మీటర్ల దూరం నుంచి 6/18 గుర్తున్న వరుసలోని అక్షరాన్ని నాలుగు దిక్కులకు తిప్పి చూపిస్తూ, దాని కాళ్ళు ఏవైపు ఉన్నాయో చేతితో చూపించమనాలి. అది చెప్పలేకపోతే ఆసుపత్రికి పంపవలసిన కన్నుగా రాసుకోవాలి. అప్పుడు ముడి వేసిన దూరానికి వచ్చి, మీ వేళ్ళు చూపించి ఎన్నో అడగాలి. మెరుగైన కంటితో కూడా మూడు మీటర్ల దగ్గర వేళ్ళు లెక్కపెట్టలేని మనిషి, 2017లో మన దేశం మార్చుకున్న నిర్వచనం ప్రకారం, అంధుల లెక్కలోకి వస్తాడు.

చూపు తగ్గిన కంటికి ఆ రంధ్రమున్న అట్టముక్కను అడ్డుపెట్టి మళ్ళీ అక్షరం చూపించండి. రంధ్రంలోంచి చూసినప్పుడు మెరుగైతే, ఆ మనిషికి కావలసింది చాలావరకు కళ్ళద్దాలే. మెరుగు కాకపోతే శుక్లమో, వెనక పొరలోనో నరంలోనో లోపమో ఉండవచ్చు. నలభై దాటినవారికి చత్వారం కూడా చూడాలి. దీనికి అక్షరాల కార్డు కన్నా జేబులోని చిల్లర మేలు: రూపాయి నాణెం, రెండు రూపాయల నాణెం అరచేతిలో పెట్టి, తడమకుండా చూపుతోనే ఏది ఏదో చెప్పమనండి. ఆ రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి దగ్గరి చూపు పోయినవారు వెంటనే తడుముకుంటారు. నలభై అయిదేళ్ళ వారికి +1.50, యాభై అయిదుకు +2.50 దరిదాపుల్లో మొదలుపెట్టి, ఏ అద్దాలతో నాణెం స్పష్టంగా కనిపిస్తుందో అవే అక్కడికక్కడే ఇచ్చేయవచ్చు. ఈ పనిలో ఇంత త్వరగా ఫలితం కనిపించేది మరొకటి లేదు. అయితే అద్దాలు ఇచ్చినంత మాత్రాన దూరపు చూపు పరీక్షను వదిలేయకూడదు.

తరువాత టార్చి వెలుతురులో కంటిని చూడాలి. కంటిపాప బూడిదరంగులోనో తెల్లగానో కనిపిస్తే అది శుక్లం కావచ్చు. నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ ఉంటే ‘పువ్వు’ అంటాం. పాత దెబ్బకు, పుండుకు మిగిలిన మచ్చ అది. ముక్కువైపు నుంచి నల్లగుడ్డు మీదికి పాకే కండ ఎండలో, ఉప్పుగాలిలో బతికే తీరప్రాంతపు మనుషుల్లో తరచుగా కనిపిస్తుంది. కళ్ళు మెల్లగా మూయమని, రెప్పలు పూర్తిగా కలుస్తున్నాయో లేదో గమనించాలి. కుష్ఠువ్యాధి వచ్చి తగ్గినవారిలో రెప్పలు మూతపడకపోవడం, కంటికి స్పర్శ తగ్గడం ఉంటాయి. నలుసు పడినా నొప్పి తెలియక నల్లగుడ్డు పుండుపడి చూపు పోతుంది. అటువంటివారికి రాత్రిపూట కంటికి తడి లేపనం, శుభ్రమైన గుడ్డ, డాక్టరు సలహా తప్పనిసరి.

చిన్నపిల్లల్లో చీకటి పడగానే తడుముకుంటూ నడవడం, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ కనిపించడం విటమిన్-ఎ లోపానికి గుర్తులు. ఆ పిల్లలను అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాలి. పెద్దల్లో ఎదురుగా ఉన్నది బాగానే చూస్తూ పక్కనున్న గోడకు, మనుషులకు తగులుతూ నడిచేవారిని నీటికాసుల (కంటినరం దెబ్బతినే గ్లాకోమా జబ్బు) పరీక్షకు పంపాలి. మధుమేహం ఉన్నవారందరికీ, చూపు బాగున్నా సరే, కంటి వెనక పొర పరీక్ష కావాలి. క్షయ మందులు వాడుతున్నారా అని కూడా అడగండి. వాటిలోని ఇథాంబ్యుటాల్ కొందరిలో కంటినరాన్ని దెబ్బతీసి, చూపు మసకబారడం, ఎరుపు-ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోవడం కలిగిస్తుంది. అలా జరిగితే మందులు తామే మానేయకుండా, మందులు ఇచ్చే కేంద్రంలో ఆ రోజే చెప్పాలి.

ఒక్క పూట కూడా ఆగకూడనివి

వక్కాకు నమిలేవారి దగ్గరుండే సున్నం చాలా ప్రమాదకరం. ప్యాకెట్ నొక్కినప్పుడు అది చిమ్మి కంట్లో పడితే నల్లగుడ్డును లోలోపలికి కాల్చుకుంటూ పోతుంది. ఆసుపత్రికి పరుగెత్తే ముందే కడగడం మొదలుపెట్టాలి. మనిషిని పక్కకు వంచి, రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకుని, కుళాయి నీళ్ళో బాటిల్ నీళ్ళో కనీసం పావుగంట నుంచి అరగంట వరకు ఆపకుండా పోయాలి. రెప్పల కింద సున్నపు ముద్దలు మిగిలితే శుభ్రమైన తడి గుడ్డ కొసతో తీయాలి. ఆ తరువాతే ఆటో ఎక్కించాలి. ఈ ఒక్క పని తెలిసిన టీ కొట్టు యజమాని ఒకరుంటే ఆ వీధిలో ఒక కన్ను నిలబడవచ్చు.

వరికోతల కాలంలో కూలికి వెళ్ళిన మనిషి కంట్లో వరి ఆకో, కంకి ముల్లో గీసుకుంటే రెండు మూడు రోజుల్లో నల్లగుడ్డు మీద తెల్లని పుండు రావచ్చు. ఇది తరచుగా బూజు వల్ల వచ్చే పుండు. దీనికి మందుల షాపులో దొరికే స్టెరాయిడ్ చుక్కలు వేస్తే పుండు వేగంగా పెరుగుతుంది. కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులతో, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తుంటే కంటిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిందని అనుమానించాలి. వాంతులను చూసి కడుపు మందు ఇచ్చి పంపేసే ప్రమాదం ఉంది కనుక, తోడు వెళ్ళినవారు కన్ను సంగతి ముందుగా చెప్పాలి.

కల్తీ మద్యం సంగతి విడిగా చెప్పాలి. 2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వారిలో బిచ్చమెత్తుకుని బతికేవారు కూడా ఉన్నారు. ఇటువంటి ద్రవాల్లో మిథనాల్ ఉంటే, తాగిన కొన్ని గంటల నుంచి ఒక రోజులోపు చూపు మంచు కమ్మినట్టు తెల్లబారుతుంది, ఊపిరి వేగమవుతుంది, కడుపులో నొప్పి వస్తుంది. దాన్ని మత్తుగా భావించి పడుకోబెడితే చూపుతో పాటు ప్రాణమూ పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఏం తాగారో ఆ సీసాతో సహా డాక్టరుకు చూపించాలి. మిథనాల్ విషానికి విరుగుడు, డయాలిసిస్ ఉన్నాయి; గంటలు గడిచేకొద్దీ వాటి ఫలితం తగ్గిపోతుంది.

మానిపించవలసిన నాటు పద్ధతులు

కంట్లో చనుబాలు పోయడం, ఆకు పసరు పిండడం, ఆముదం వేయడం, నాలుకతో నలుసు తీయించుకోవడం ఇప్పటికీ ఉన్నాయి. వీటిని గురించి మందలిస్తే మాట వినరు. ‘శుభ్రమైన నీళ్ళతో కడగండి, ఇంకేమీ వేయకండి, నన్ను పిలవండి’ అని ఒకటే చెప్పడం మేలు. కళ్ళకలక వచ్చినప్పుడు తుండుగుడ్డ, దుప్పటి ఇతరులతో పంచుకోవద్దని చెబుతూ, చేతిలో ఒక సబ్బు ముక్క, విడిగా ఒక గుడ్డ పెట్టాలి. అవి లేని మనిషికి మాట మాత్రం చెప్పి ప్రయోజనం లేదు. ‘పొర ముదరాలి’ అన్న పాత నమ్మకం కూడా చాలామందిని ఆపుతోంది. నేటి ఆపరేషన్‌కు శుక్లం ముదరనక్కరలేదు. మరీ ముదిరితే కంటిలో ఒత్తిడి పెరిగి నరమే దెబ్బతినవచ్చు.

ఆసుపత్రి, కాగితాలు

నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ఒంగోలులో అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మీకు దగ్గరి గమ్యాలు. అంతకుముందు దగ్గరి సామాజిక ఆరోగ్య కేంద్రంలోని కంటి పరీక్షల అధికారికి చూపిస్తే అద్దాల నంబరు, ప్రాథమిక పరీక్ష అక్కడే పూర్తవుతాయి. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద శుక్లం ఆపరేషన్ ఉచితం; జిల్లాలో ఆ కార్యక్రమం చూసే అధికారితో ముందుగా మాట్లాడి ఉంచుకుంటే ఆసుపత్రిలో పని సులువవుతుంది. క్లిష్టమైన సమస్యలకు పెదకాకానిలోని శంకర, తిరుపతిలోని అరవింద్, విజయవాడ దగ్గర తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రులలో పేదలకు ఉచిత వైద్యం ఉంది.

ఆధార్ లేనివారి విషయంలో నిరాశపడనక్కరలేదు. గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం నిర్వాహకుడు ఇచ్చే ధ్రువపత్రంతో ఆధార్ నమోదుకు దరఖాస్తు చేయవచ్చు. కంట్లో పువ్వు వల్ల కనుపాప ముద్ర పడకపోయినా, కుష్ఠు వల్ల వేలిముద్రలు అరిగిపోయినా, మినహాయింపు పద్ధతిలో నమోదు చేసే ఏర్పాటు ఉంది. కేంద్రంలోని ఆపరేటరుకు ఆ సంగతి మీరే గుర్తుచేయాలి. ఆధార్ వచ్చేదాకా అత్యవసర కంటి వైద్యాన్ని ఆపకూడదని ఆసుపత్రి పర్యవేక్షకుడిని నేరుగా కలిసి అడగండి. ఫోన్ లేనివారికి మీ నంబరు, సహాయకుడు లేనివారికి మీ సంతకం ఇవ్వవలసి వస్తుంది. అందుకు సిద్ధపడినవారే ఈ పని చేపట్టాలి.

తేదీకి ముందే పడక

పట్టణాల్లో లక్ష జనాభాకు కనీసం వందమంది ఉండగలిగే శాశ్వత ఆశ్రయం, ఏడాది పొడవునా, రాత్రింబగళ్ళు ఉండాలన్నది జాతీయ పట్టణ జీవనోపాధి పథకం పెట్టిన నియమం. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల నుంచి వచ్చినది అది. మన రాష్ట్రంలో దీన్ని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) చూస్తుంది. మునిసిపల్ కార్యాలయంలోని మెప్మా విభాగానికి వెళ్ళి, ఆశ్రయ గృహంలో ఈ మనిషికి కనీసం రెండు వారాలు, పగటిపూట కూడా ఉండేలా, ఒక మంచం కావాలని రాతపూర్వకంగా అడగాలి. ఉదయం ఎనిమిదికి బయటికి పంపేసే ఏర్పాటు ఆపరేషన్ అయిన మనిషికి పనికిరాదు. అక్కడ కుదరకపోతే ఆశ్రమం, కల్యాణమండపంలో ఒక గది, చర్చి ఆవరణ ఏదైనా చూడండి. ఫ్యాను, తలుపు, దగ్గరలో మరుగుదొడ్డి, ఉతికిన దుప్పటి ఉన్నాయో లేదో కళ్ళారా చూసి గాని ఒప్పుకోవద్దు. బిచ్చం మీద బతికే మనిషి రెండు వారాలు కదలకపోతే ఆ రోజుల తిండి, టీ, బీడీ ఖర్చు ఎవరిదో కూడా ముందే తేల్చుకోవాలి. అది తేలకపోతే మూడో రోజే మనిషి రోడ్డు మీదికి వెళ్ళిపోతాడు, ఆ తప్పు అతనిది కాదు.

కాలం కూడా చూసుకోవాలి. డాక్టర్ల దృష్టిలో శుక్లం ఆపరేషన్‌కు ఫలానా కాలమని లేదు. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తుఫాన్లు; రోహిణి కార్తెలో కంట్లోకి కారే చెమట. కనుక సంక్రాంతి దాటాక శివరాత్రి లోపు తేదీలు తీసుకోవడం వీధిమనిషికి క్షేమం.

ఆపరేషన్ ముందు, ఆ రోజు

రక్తపోటు, మధుమేహం, రక్తపరీక్షలు, కన్నీటి సంచి పరీక్ష చేస్తారు. పంటిలో చీము, ఒంటి మీద పుండ్లు, గజ్జి ఉంటే ముందు అవి తగ్గాలి. ముందురోజు తలస్నానం, గోళ్ళు కత్తిరించుకోవడం, ఉతికిన బట్టలు ఏర్పాటు చేయండి. ఏం జరుగుతుందో మనిషికి నెమ్మదిగా చెప్పండి: మెలకువలోనే ఉంటారు, నొప్పి ఉండదు, లోపల చిన్న కటకం పెడతారు.

చుక్కల మందు, ఆరు వారాలు

ఈ పని అంతటికీ గుండెకాయ ఇదే. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలపాటు, మొదట్లో రోజుకు ఆరుసార్ల దాకా, తరువాత వారం వారం తగ్గిస్తూ చుక్కలు వేయమంటారు. గడియారం లేని మనిషికి ‘రెండు గంటలకొకసారి’ అన్న మాట పనికిరాదు. తెల్లవారుజామున అజాన్, పొద్దుటి టీ, క్యాంటీన్ భోజనం, సాయంత్రం గుడిగంట, రాత్రి పడక ఇలా ఆ మనిషి రోజులో ఉన్న గుర్తులకే ఒక్కో చుక్కను కట్టిపెట్టాలి. డాక్టరు చీటీలోని లెక్కను ఈ గుర్తులలోకి మార్చి, చుక్కలు వేసే మనిషి చేతికి ఇవ్వాలి.

వేసే పద్ధతి ఇది. చేతులు సబ్బుతో కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను మెల్లగా లాగి, అందులో ఒక్క చుక్క వేయాలి. సీసా మూతి కంటికి గాని రెప్పకు గాని తగలకూడదు. కన్ను మూసి రెండు నిమిషాలు ఉండాలి. రెండో మందు ఉంటే అయిదు నిమిషాలు ఆగాలి. సీసా తెరిచిన తేదీని దాని మీదే రాసి, నెల దాటితే పారేయాలి. వీధిలో సంచులు పోతుంటాయి కాబట్టి మొదటే రెండు సీసాలు తీసుకుని, ఒకటి ఆశ్రయ గృహంలోనో నమ్మకమైన టీ కొట్టులోనో ఎండ తగలని చోట ఉంచాలి.

కన్ను నులమకూడదు, బరువులు మోయకూడదు, డాక్టరు చెప్పేదాకా తలమీద నీళ్ళు పోసుకోకూడదు. చెరువులో, పెన్నలో మునకలు అసలే వద్దు. మొదటి వారంలో నొప్పి పెరగడం, ఎరుపు ఎక్కువ కావడం, వచ్చిన చూపు మళ్ళీ తగ్గడం, పుసులు కట్టడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది లోపల చీము పట్టిందన్న సూచన కావచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకెళ్ళాలి. మరునాడు, వారానికి, నెలకు జరిగే పరీక్షలకు తోడుగా వెళ్ళే మనిషి పేరు ముందే రాసి ఉంచుకోవాలి.

చూపు తిరిగి రానివారికి

నీటికాసుల వల్ల, పాత పుండు వల్ల, నరం ఎండిపోవడం వల్ల పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు. ఆ సంగతి డాక్టరు చేతనే స్పష్టంగా చెప్పించాలి. ఆశపెట్టి ఆసుపత్రుల చుట్టూ తిప్పడం అన్యాయం. అప్పుడు చేయవలసినది వైకల్య ధ్రువపత్రం. వార్డు సచివాలయం లేదా మీసేవ ద్వారా సదరం శిబిరానికి (వైకల్య శాతాన్ని తేల్చే ప్రభుత్వ వైద్య పరీక్షకు) స్లాటు తీసుకుని, వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువని తేలితే పింఛనుకు దరఖాస్తు చేయాలి. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పింఛను అందుకోవడానికి చిరునామా కావాలి కనుక, ఆశ్రయ గృహం చిరునామా మీద ఆధార్ కార్డు మార్పించే పని కూడా దీంతోపాటే పూర్తిచేయాలి. తెల్లకర్ర ఇచ్చి, వారు రోజూ తిరిగే దారిలోనే నాలుగు రోజులు తోడు నడిచి అలవాటు చేయాలి.

ఆపరేషన్ అయినవారికి నెలన్నర తరువాత అద్దాల నంబరు చూస్తారు. రాసిన నంబరుకు రెండు జతలు చేయించి, ఒకటి మనిషికి ఇచ్చి, రెండోది మీ దగ్గర పేరు రాసి ఉంచండి. నంబరును ఒక చిన్న కార్డు మీద రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వండి. రెండో కంటిలోనూ శుక్లం ఉంటే, ఈ కంటి చివరి పరీక్ష రోజునే డాక్టరును అడిగి దాని తేదీ తీసుకుని, అదే మంచాన్ని ఆ రోజులకు మళ్ళీ అడిగి పెట్టుకోవాలి.